కాటుక పెట్టే చెయ్యి

ఈ రోజు సద్దుల బతుకమ్మ, తొమ్మిది రోజుల పండుగకు చివరి రోజు. కామారెడ్డి బజార్లన్నీ తెల్లారకముందే బంతిపూల వాసనతో నిండిపోతే, మా ఇంట్లో మాత్రం లెన్సు నీళ్ళ వాసన వస్తోంది. మందు వాసనా కాదు, ఉప్పు వాసనా కాదు, తడిసిన ప్లాస్టిక్కు వాసనలాంటిదేదో, సీసా మూత తీసిన కాసేపే ఉండి పోతుంది. మా అమ్మాయి అద్దం ముందు నిలబడి, ఎడమచేత్తో కనురెప్పను పైకి లాగిపట్టి, కుడిచేతి చూపుడువేలి కొసన నీటిబొట్టులాంటి ఆ లెన్సును నిలబెట్టి, అది కంటి దగ్గరికి వచ్చేసరికల్లా రెప్ప మూసేసుకుని, "అమ్మా, నాతోని కాదు" అంటూ మళ్ళీ మొదటికి వస్తోంది. కన్ను ఎర్రజామ గుజ్జులా అయింది. నాకు జాలి వేసింది, కొంచెం కోపమూ వచ్చింది, ఎందుకంటే పోయిన వారం దుకాణంలో నేను చెబితే వినలేదు.

దుకాణంలో దాన్ని మిషను ముందు కూర్చోబెట్టి, గడ్డం ఆనించమని, లోపల దూరంగా కనిపించే బొమ్మ ఇంటిని చూడమని చెప్పి, నంబరు తీశారు. తర్వాత ఒకపక్క కళ్ళద్దాల ఫ్రేములు, ఇంకోపక్క లెన్సుల డబ్బీ పెట్టి ఏది కావాలన్నారు. నేను తొమ్మిదేళ్ళ వయసు నుంచి కళ్ళద్దాల పార్టీ. పొద్దున లేవగానే తడుముకుని పెట్టుకుంటే చాలు, ఇక కంటిలో వేలు పెట్టే పని లేదు అని నా వాదన. పండుగకు లంగావోణీ మీద సోడాబుడ్డి అద్దాలా అని దాని వాదన. అక్కడున్న అమ్మాయి చిటికెలో రెండు కళ్ళకూ లెన్సులు పెట్టేసింది, ఇంత సులువేనా అనుకున్నాం. ఇంటికొచ్చాక తెలిసింది, సులువంతా ఆ అమ్మాయి చేతిలో ఉందని.

"ఆగు, ఎల్లారెడ్డి బస్సుకు సుగుణమ్మమ్మ వస్తది. వచ్చినంక సూద్దాం" అన్నాను. సుగుణత్త మా బాపు చెల్లెలు. ఈ కామారెడ్డిలో ఏ లెన్సు దుకాణం ముందు నుంచి నడిచినా, నాకు ఆమె వేళ్ళకున్న తంబాకు వాసనే గుర్తొస్తుంది.

ఎల్లారెడ్డిలో మా వాడ బీడీల వాడ. వానాకాలం పోయి ఎండ మెత్తబడే రోజుల్లో, అన్నం గిన్నెలు కడిగేసి, ఆడవాళ్ళంతా చాటలు ఒళ్ళో పెట్టుకుని మా అరుగు మీదికి చేరేవాళ్ళు. తడి గోనెపట్టాలో చుట్టిపెట్టిన తునికాకుల పచ్చివాసన, చాటలో ఒక మూలకు పోసిన తంబాకు ఘాటు, ఎవరింట్లోనో మక్కజొన్న బుట్టలు కాల్చే పొగ, దూరంగా నిజాంసాగర్ పోయే బస్సు హారను, అన్నీ కలిసి మధ్యాహ్నమంటే అదే అన్నట్టు ఉండేది. కత్తెరలు కిచకిచమనేవి. మాటలు ఆగేవి కావు, వేళ్ళూ ఆగేవి కావు. ఆకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, మూతి ముడవడం, దారం కట్టడం, ఇంత చేస్తూ కూడా ఎవరి కోడలు ఎవరిని ఏమన్నదో ఒక్క ముక్క వదలకుండా చెప్పుకునేవాళ్ళు. సుగుణత్తకు అప్పుడు ఇంకా పెళ్ళి కాలేదు. ఆమె చుట్టిన బీడీకి కార్ఖానాలో వంక పెట్టేవాళ్ళు లేరు. దూరపు చూపు మాత్రం దేవుడు ఇవ్వలేదు. బీడీ చుట్టేటప్పుడు కళ్ళద్దాలు నెత్తి మీదికి నెట్టేసేది, దగ్గరిది ఆమెకు ఉత్త కళ్ళతోనే బాగా కనిపించేది. అరుగు దిగితే మాత్రం అద్దాలు లేకుండా బర్రెకూ బండికీ తేడా తెలిసేది కాదు.

ఆ వాడలో ఒక పద్ధతి ఉండేది. బీడీలు చేసే తల్లి తన పసిబిడ్డకు తాను కాటుక పెట్టేది కాదు. ఎంత కడిగినా వేలిలో తంబాకు ఉంటుందని, బిడ్డ కన్ను మండుతుందని భయం. బిడ్డను ఎత్తుకుని మా ఇంటికి తెచ్చేవాళ్ళు. మా బాపు తల్లి, ఇంట్లో వాడలో అందరికీ ఆమె అవ్వే, చేతులు వణుకుతున్నాయని ఎప్పుడో బీడీలు మానేసింది. అందుకని ఆ వాడకంతా కాటుక పెట్టే చెయ్యి ఆమెదే. వణికే చెయ్యి కంటి దగ్గరికి వచ్చేసరికి ఎట్లా నిలిచేదో నాకిప్పటికీ ఆశ్చర్యం.

సుగుణత్తకు ఉన్న కోరిక ఒక్కటే, సద్దుల బతుకమ్మను ఒక్కసారైనా కళ్ళారా చూడాలని. నవ్వులాటకు చెప్పడం లేదు. ఆమె కళ్ళద్దాలు బరువువి, వంగి చప్పట్లు కొడుతుంటే చెమటకు జారేవి. వెనక నుంచి దారం కట్టుకుంటే, "పంతులమ్మ వచ్చింది, జరుగుండ్రి" అని తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు. ఒక ఏడు ఆటలో అద్దాలు జారి కిందపడి ఎవరి కాలికిందో నలిగాయి. మిగిలిన పండుగంతా నా భుజం పట్టుకుని తిరిగింది, చీకట్లో చెరువుగట్టు దిగేటప్పుడు, "కోడలా, నీళ్ళెంత దూరమున్నయే?" అని అడుగుతూ. మేనకోడలిని కనుక నన్ను కోడలా అనే పిలిచేది. అప్పుడే అనుకుందట, వచ్చే బతుకమ్మకు కళ్ళ మీద ఏమీ ఉండకూడదని.

మరుసటి ఏడు పితృ అమావాస్యకు ముందు, తన బీడీ పైసలు కొంగున కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని కామారెడ్డి బస్సెక్కింది. నాకూ అప్పుడే కొత్తగా అద్దాలు రాసి చేయించారు, నేను పెట్టుకోనని మొండికేసి కూర్చున్నాను. బెల్లం వాసన వచ్చే గంజ్ మార్కెట్ పక్క నుంచి నడిచి, గోడ నిండా అక్షరాల పటమున్న ఒక చిన్న దుకాణానికి వెళ్ళాం. దుకాణాయన ఇనుప ఫ్రేము ఒకటి అత్త ముఖాన తగిలించి, అందులో ఒక్కో బిళ్ళా వేస్తూ తీస్తూ, ఇదా అదా, ఇదా అదా అని ప్రాణం తీశాడు. చివరికి తేలికపాటి ఫ్రేము చేతిలో పెట్టి, ఇది తీసుకొమ్మా, జారదు అన్నాడు. అత్త పెట్టుకుని అద్దంలో చూసుకుంది. నిజంగానే బాగుంది, నేనైతే అదే తీసుకొమ్మన్నాను. ఆమె తీసి బల్ల మీద పెట్టేసింది.

"కండ్లల్ల వెట్టుకునేటియి ఉంటయట గద, గవి సూపియ్యి అన్నా."

"పెండ్లి సూపులకా అమ్మా?" అన్నాడాయన.

"కాదు, బతుకమ్మకు."

ఆయన ఎగాదిగా చూశాడు. పట్నం నుంచి తెప్పించాలన్నాడు. తెప్పించాడు కూడా. మళ్ళీ వెళ్ళినప్పుడు తనే రెండు కళ్ళకూ పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కునే ముట్టుకోవాలని గట్టిగా చెప్పి పంపించాడు. తిరుగు బస్సులో అత్త కిటికీ వదల్లేదు. మాచారెడ్డి బోర్డున్న బస్సు అల్లంత దూరాన కనిపించగానే పైకి చదివింది, కరెంటు తీగ మీది పిట్టలను చూపించింది, గుట్ట మీద మేకలు కాసే మనిషి పంచె రంగు చెప్పింది. ఊరు వచ్చేదాకా నన్ను నిద్రపోనివ్వలేదు.

మర్నాడు పొద్దున అసలు కథ మొదలైంది. సబ్బుతో చేతులు కడుక్కుని, లెన్సు పెట్టుకుని, మరుక్షణం "సచ్చిన్నమ్మో!" అని అత్త వాకిట్లోకి ఉరికింది. కళ్ళ నుంచి నీళ్ళు ధారలు. బాపు దుకాణాయనను తిట్టాడు, అమ్మ లెన్సులను తిట్టింది, పక్కింటావిడ దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తెచ్చింది. సాయంత్రం మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ అదే మంట. రేపే బస్సెక్కి వాటిని ఆయన మొహాన కొట్టొస్తానంటూ ఏడుస్తూ కూర్చుంది. అవ్వ మెల్లగా వచ్చి అత్త చెయ్యి పట్టుకుని, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఓసి పిచ్చిదానా, పొల్లగాండ్లకు కాటిక వెట్టనియ్యం గద! గీ తంబాకు ఏళ్ళు నీ కండ్లల్ల వెట్టుకుంటే మండకుంటదా?"

అందరం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలిసిన సంగతే. కాటుకకైతే గుర్తుండేది. ఇది పట్నం నుంచి వచ్చిన వస్తువు కదా, దీనికీ అదే లెక్క అని ఎవరికీ తోచలేదు.

మరి బీడీలు మానితేనే గానీ వేళ్ళు శుభ్రం కావు, బీడీలు మానితే రోజు లెక్క తప్పి కార్ఖానాలో పని కార్డు పోతుంది. పండుగ ఎదురుగా ఉంది. అత్త లెన్సుల డబ్బీని పెట్టెలో బట్టల కింద పెట్టి, చాట ముందేసుకుని కూర్చుంది. ఆ కూర్చోవడం చూసి అవ్వకే మనసొప్పలేదు. అరుగు మీద అందరూ చేరాక, "మీరంత తలా ఇన్ని చేస్తే దీని లెక్క ఎల్లదా? సద్దుల దాకనే గద. ఒక్క పండుగ సూడనియ్యిండ్రి పిల్లను" అంది. సాయంత్రం లేచిపోయేటప్పుడు ఒక్కొక్కరూ తమ చాటలోంచి ఇన్ని కట్టలు తీసి అత్త చాటలో పడేశారు. పంతులమ్మ అని ఏడిపించినవాళ్ళే ఎక్కువ వేశారు.

అట్లా పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా సుగుణత్త చేతులు ఖాళీ. నా చిన్నతనంలో నాకు దొరికిన పెద్ద పండుగ అదే అనిపిస్తుంది. మా ఇంట్లో ఆడవాళ్ళ చేతులు ఊరికే ఉండగా నేను అంతకుముందు చూడలేదు. అత్త మాతో గచ్చకాయలాడింది, వామనగుంటలాడింది, మమ్మల్ని తోలుకుని పొలాల వెంట తంగేడు పూలకు వచ్చింది. గునుగు పూలకు రంగులద్ది మంచం మీద ఆరబెట్టడం, గుమ్మడిపూలలో చీమలు దులపడం, రాత్రి నువ్వులు వేయించే వాసనకు నిద్రలోంచి లేచి వంటింట్లోకి వెళ్ళి కసురుకోబడడం, అన్నీ ఆమెతోనే. కూర్చుని కబుర్లు చెబుతుంటే ఆమె వేళ్ళు మాత్రం గాలిలో లేని బీడీలు చుడుతుండేవి. చింతపండు, నిమ్మచెక్క, బూడిద, కుంకుడు రసం, చేతికి దొరికినదల్లా రుద్దుకునేది. రోజూ పొద్దున చెయ్యి తెచ్చి అవ్వ ముక్కు దగ్గర పెట్టేది. అవ్వ వాసన చూసి, "ఇంక ఉన్నది" అనేది. అత్త ముఖం చిన్నబుచ్చుకుని మళ్ళీ బావి దగ్గరికి వెళ్ళేది.

సద్దుల నాటి పొద్దున అవ్వ చాలాసేపు వాసన చూసింది. ఒక్కో వేలూ విడదీసి చూసింది.

"పోయింది. వెట్టుకో" అంది.

మంట లేదు. అత్త కళ్ళు తెరిచి మొదట అవ్వను చూసింది, తర్వాత నన్ను చూసి నవ్వింది. ఆ సాయంత్రం బతుకమ్మ ఆటలో ఆమె దేనికీ తడుముకోలేదు, వంగింది, తిరిగింది, చప్పట్లు కొట్టింది, అవతలి వరుసలో ఎవరు ఏ చీర కట్టుకున్నారో ఇవతల నుంచే కేకేసి చెప్పింది. పెరుగు సద్ది, పులిహోర, నువ్వుల సద్ది, రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు పంచుకుని, చెరువులో మా బతుకమ్మను వదిలాక, మిగతావాళ్ళు గట్టెక్కుతున్నా ఆమె నీళ్ళ దగ్గర నుంచి కదల్లేదు. పైనున్న పసుపు గౌరమ్మ దగ్గరి దీపంతో అది మెల్లగా లోపలికి పోతోంది.

"కోడలా, ఎప్పుడు చేతిలకెల్లి ఇడిసినంకనే మాయమైతుండెనే. గంత దూరం పోయినా మనదే కనవడుతుంది సూడు!"

నాకేమీ కనిపించడం లేదు, అన్నీ మసక వెలుగులే. ఆ రాత్రి ఇంటికెళ్ళి నా కొత్త కళ్ళద్దాలు అమ్మను అడిగి పెట్టుకున్నాను, ఇప్పటికీ తీయలేదు.

మర్నాడు అత్త చాట ముందు కూర్చుంది. లెన్సులు డబ్బీలో నీళ్ళింకిపోయి చేప పొలుసుల్లా ఎండిపోయాయి. మరుసటి ఏడు మళ్ళీ తెచ్చుకో అని నేను పోరితే, "ఒక్కసారంటే అడుగుతం గని, ఏటేట అడుగుతమానే?" అంది. తేలికపాటి ఫ్రేము కొనుక్కుంది, అప్పుడు బల్ల మీద వదిలేసి వచ్చినదానిలాంటిదే.

ఇప్పుడు ఆ అరుగు లేదు, దాని మీద షట్టరు దుకాణం లేచింది. చాటలు చాలా ఇళ్ళలో అటకెక్కాయి. బిడ్డలకు కాటుక పెట్టడమే తగ్గిపోయింది. అవ్వ పోయి చాలా కాలమైంది. అత్త పెళ్ళయి ఎల్లారెడ్డిలోనే ఉంది, మెడనొప్పికి బీడీలు మానేసి కుట్టుమిషను పెట్టుకుంది.

ఎండెక్కేవేళకు అత్త తంగేడు పూల సంచీతో దిగింది. సంగతి వినగానే కళ్ళద్దాలు తీసి నెత్తి మీదికి నెట్టింది. చేతులు కడుక్కుంది, తుడుచుకుంది, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. మా అమ్మాయికి నవ్వొచ్చింది.

"ఏం వాసన సూస్తున్నవ్ అమ్మమ్మా?"

"అలవాటు బిడ్డా. నువ్వు పైకి సూడు."

రెప్ప పట్టుకోవడం, లెన్సు ఆనించడం, రెండో కన్ను, ఎప్పుడు పెట్టిందో పిల్లకే తెలియలేదు. మండలేదని అరుస్తూ అది లంగావోణీ కట్టుకోవడానికి ఉరికింది. నేను అత్త చెయ్యి పట్టుకుని వాసన చూశాను. సబ్బు వాసన, దాని కింద తంగేడు పసరు వాసన. ఇంకా కింద ఉంటుందేమోనని మళ్ళీ చూశాను. ఒకప్పుడు పోవాలని మేమంతా కోరుకున్న వాసన కోసమే ఇంతగా వెతుక్కుంటానని అనుకోలేదు, నాకు ఏడుపొచ్చింది.

"ఏందే కోడలా, అది ఎప్పుడో పోయింది గద" అంది అత్త.

"పోయిందని అవ్వ చెప్పాలె గద, అత్తా" అన్నాను.

అత్త తన చెయ్యి నా చేతిలోంచి తీసుకోలేదు.