ఫోన్‌లో చెన్నయ్య

గద్వాలలో మగ్గాలున్న ఇళ్లలో మాటలు తక్కువ. చప్పుడులో మాట వినబడదు, వినబడినా చెయ్యి తప్పుతుంది. జములమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి పెనిమిటి చెన్నయ్య పక్కన మగ్గం మీద కూర్చుని నేసింది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట ప్రతి వరుసలోనూ పోగుకు పోగు మెలిపెట్టాలి. ఒక్కరితో అయ్యే పని కాదది. మెలిక పెట్టే వేళకు చెన్నయ్య "ఊఁ" అనేవాడు, గొంతులోనే, సగం దగ్గులాగా. ఆమె పోగు అందుకునేది. కాపురమంతా ఆ "ఊఁ" మీదే నడిచింది. కూర బాగుంటే అదే, కోపమొస్తే అదే. పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు.

పోయిన ఎండాకాలం ఛాతీలో నొప్పి అన్నాడు. ఆటోలో దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

అప్పటి నుంచి మగ్గం ఆగిపోయింది. అయినా జములమ్మ పొద్దున్నే వాకిలి ఊడ్చి, మగ్గం పక్కన తన చోట్లో కాసేపు కళ్లు మూసుకుని కూర్చునేది. కూర్చుంటే చెవిలో ఆ "ఊఁ" వినబడేది. ఆమెకు మిగిలింది అదొక్కటే. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్తే నవ్వుతారని కాదు, చెప్తే కరిగిపోతుందేమోనని.

ఒకనాడు బావగారి కొడుకు నిరంజన్ వచ్చాడు. ఫోన్‌లో బొమ్మలు పెట్టి చీరలమ్మే పిల్లవాడు, మనసు మంచిది.

"చిన్నమ్మా, జర గిది చూడు" అని ఫోన్ చేతిలో పెట్టాడు.

ఫోన్‌లో చెన్నయ్య. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, పాలరాయి ఇంట్లో మగ్గం.

"జములా, భోజనం చేశావా? దిగులు పడకు. నేనిక్కడ హాయిగా ఉన్నాను."

గొంతు ఆయనదే. మాట మాత్రం టీవీలో వార్తలు చదివేవాళ్లది.

"పెండ్లి వీడియోల చిన్నాయన గొంతు తీస్కొని కంప్యూటర్‌తోని చేపిచ్చిన. ఏమడిగినా జవాబు చెప్తడు. ముందు ముందు అందరిండ్లల్ల గిట్లనే. సచ్చుడు లేదు, ఏడ్సుడు లేదు. సొర్గమే ఇంట్ల దిగినట్టు!"

డిగ్రీ చదువుతున్న కూతురు సుప్రియ గడపలో నిలబడి చూస్తోంది.

"మా కాలేజిల గిసుంటి కథలే చెప్పిండ్రు అన్నా. ఒక తీరు కథల్ల ఊరంత సుకమే. ఇంకో తీరుల ఊరంత నరకమే."

"మనది మొదటి తీరే గదనే!"

"రెండోది గూడ మొదట్ల అట్లనే ఉంటది. నాయన ఎన్నడన్న అమ్మను పేరు పెట్టి పిలిచిండా?"

"బుక్కులు సదివి సదివి నీ మొకం గూడ పరీక్ష పేపర్ లెక్కనే అయ్యింది పో!"

వాళ్ల పంచాయితీ జములమ్మకు పట్టలేదు. ఫోన్‌ను మొహం దగ్గరికి తెచ్చుకుంది. ఆశ అట్లాంటిది.

"మగ్గం కాడ అనేటోనివి గద... గట్లొక్కపారి అను" అంది మెల్లగా. "ఊఁ అని."

"తప్పకుండా జములా! ఊఁ. బాగుందా? మళ్లీ అననా? ఊఁ."

కథ వినే పిల్లలు కొట్టే ఊ అది. తియ్యగా, నున్నగా. నిరంజన్ చప్పట్లు కొట్టాడు.

మర్నాడు ఆమె మగ్గం పక్కన కూర్చుని కళ్లు మూసుకుంది. చెవిలో ఫోన్‌లోని ఊ వినబడింది. తియ్యగా, నున్నగా.

నిరంజన్‌ను పిలిపించింది. "దాన్ని తీసెయ్యి బిడ్డా. నీకు దండం పెడ్త."

"అయ్యో, గిప్పుడే తీసేసిన చిన్నమ్మా. ఇగో చూడు, లేదు" అని చూపించాడు. అబద్ధం చెప్పలేదు. ఫోన్‌లో నిజంగానే లేదు.

ఆమె సుప్రియను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చెన్నయ్య చోట్లో కూర్చోబెట్టింది.

"మీ నాయన ఎట్లనేటోడు? అను."

సుప్రియకు ముందు అర్థం కాలేదు, తర్వాత అయింది. గొంతు సవరించుకుని "ఊఁ" అంది.

"గట్ల గాదు."

"ఊఁహ్..."

"గట్ల గూడ గాదే."

సుప్రియ కళ్లనిండా నీళ్లు. "మరి ఎట్లమ్మా? నువ్వన్న అని చూపియ్యి."

జములమ్మ నోరు తెరిచింది. వచ్చింది ఫోన్‌లోని ఊ, తియ్యగా, నున్నగా.