చేత్తో నొక్కిన బ్రేకు

పిల్లలూ, డెబ్భైల్లో మేము మదనపల్లెలో ఉండేవాళ్లం. మద్రాసు దగ్గర జరిగే కారు పందెంలో మా పాత కారునే నడపాలని మీ తాత పట్టు. బయల్దేరే ముందురోజు రేడియేటర్ కడిగారు. బ్రేకు పైపుల్లో గాలి తీయడానికి నన్ను బ్రేకు పెడల్ దగ్గర కూర్చోబెట్టి, తను కారు కింద దూరి, "తొక్కమ్మే!" అన్నారు. పొద్దునే పసుపు, కుంకుమ పెట్టిన బండికి కాలెలా తగిలించను? వంగి, పెడల్‌ని చేత్తోనే నొక్కాను.

తర్వాత పుంగనూరు దారిలో నడిపి చూస్తే, పల్లంలో బ్రేకు పడలేదు. కారు పోయి గడ్డివామిలో దూరింది. చేత్తో నొక్కితే బలం చాలక, గాలి పైపుల్లోనే ఉండిపోయింది. నిజం చెప్పాను.

"నేను దినామూ కాలితోనే గదమ్మే తొక్కేది!" అని ఆయన ఒకటే నవ్వు. ఇంటికొచ్చి మళ్లీ కారు కింద దూరుతూ, "ఈసారి కాలితో తొక్కు. పాపముంటే నాకే రానీ" అన్నారు. కాలితోనే తొక్కాను.

పందెంలో ఆఖరున వచ్చారు. తిరిగొచ్చి గడప దాటుతూనే, "బ్రేకు బలే పట్టిందమ్మే!" అన్నారు. నన్ను మెచ్చుకోవడమంటే ఆయనకు అదే.