పెద్దమ్మ నింపిన నీళ్ళు

మా పెద్దమ్మ పోయింది. పోయిన మంగళవారం పొద్దున్న తమ్ముడు కొరాపుట్ నుంచి ఫోన్ చేసి ఆ మాట చెప్పేసరికి, నేను రాయగడలో పాఠాలు చెప్పే బడికి వెళ్ళడానికి జడ వేసుకుంటున్నాను. కొరాపుట్ బస్సులో పక్కనున్నావిడ చెప్పేదాకా సగం జడతోనే బయల్దేరానని నాకు తెలియలేదు.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. లమ్తపుట్‌లో నర్సుగా చేరి కొరాపుట్‌లో రిటైరయింది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, కారు కొనుక్కున్నాను కదా అనేది. అదొక పాత చిన్న కారు. దాన్ని వార్డులో పడుకున్న మనిషిలా చూసేది. టైర్లలో గాలి తగ్గితే బీపీ పడిపోయిందనేది. ఏ మర విప్పబోయినా ముందు, ఇంజక్షన్ ఇచ్చేటప్పుడు చెప్పినట్టే, "కూసింత నొప్పెడతాది, ఓర్సుకో," అని కారుకి చెప్పేది. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆవిడే. నేను గేరు కిర్రుమనిపిస్తే నన్ను కాదు, కారుని ఓదార్చేది.

ముందు అద్దం మీద నీళ్ళు చిమ్మే సీసా ఉంటుంది కదా, దాన్ని సెలైను అనేది. ఇంటిల్లిపాదికీ అదే మాట అలవాటైపోయింది. ఒకసారి నేను స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్ళి సెలైన్ పంపు కావాలని అడిగితే, కొట్లో ఉన్న ఒడియా ఆయన ఎంతో జాలిగా రోగికి ఎలా ఉందని వాకబు చేసి, ఎదురుగా మందుల షాపు చూపించాడు. ఇంటికొచ్చి చెబితే పెద్దమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది.

మా వైపు కారుకి బ్రేకుల తర్వాత ఆ నీళ్ళే ముఖ్యం. వానాకాలంలో ఖనిజం లారీ వెనక పడ్డామా, అద్దం నిండా ఎర్ర బురదే. ఒట్టి వైపర్ తిప్పితే అద్దాన్ని అలికినట్టు అవుతుంది.

ఈ వానల మొదట్లో ఆ నీళ్ళు రావడం మానేశాయి. అప్పటికే పెద్దమ్మ మంచానికీ కుర్చీకీ మధ్యే తిరుగుతోంది. కోలుకున్నాక తనే కారు నడుపుకుంటూ లమ్తపుట్ వెళ్ళి, మొదట పనిచేసిన చోటు చూసి రావాలని ఆవిడ కోరిక. ఆ మాటని పట్టుకునే నేను ధైర్యంగా తిరుగుతున్నాను. కారు నడుపుతానన్నంత కాలం ఆవిడకేమీ కాదని నా నమ్మకం. అందుకే ఒక ఆదివారం ప్రార్థన నుంచి రాగానే ఇద్దరం మరమ్మతుకి కూర్చున్నాం. ఆవిడ కుర్చీలో, నేను నేలమీద.

ముందు నన్ను స్టీరింగ్ పక్కనున్న నీళ్ళ మీట లాగమని, తను బానెట్ మీదకి వంగి చెవి పెట్టింది. లోపల మోటారు బుయ్యిమంటోంది. "గుండె కొట్టుకుంతంది. రక్తమే పైకెక్కట్లేదు," అంది. ఆవిడ చెప్పినట్టే ప్లగ్గు ఊడదీసి, ట్యూబు లాగి, మిగిలిన నీళ్ళు గిన్నెలోకి పట్టి, మరలు విప్పి సీసా బయటికి తీశాను. అడుగున రబ్బరులో బిగించిన మోటారుని మెల్లగా లాగితే, దాని బుల్లి జల్లెడ నిండా మెత్తటి ఎర్ర ఒండ్రు. ఘాటీ రోడ్డులో ఆగినప్పుడల్లా ఊటనీళ్ళు పట్టి అందులో పోసేది ఆవిడే. తాగితే తియ్యగా ఉంటాయని, కారుకి కూడా అవే పోసేది. "మనకి పడ్డ నీల్లు దీనికి పడలేదమ్మీ," అని చిన్నబుచ్చుకుంది. జల్లెడ కడిగాం. పగిలిన ట్యూబు ముక్క కోసేసి, అక్కడ నిజం సెలైను ట్యూబే వేయించింది. సిరంజితో నీళ్ళు కొట్టి దారి శుభ్రం చేయించింది.

చివరి పని మాత్రం నాకు ఇవ్వలేదు. బానెట్ మీది సన్నటి రంధ్రాల్లో గుండుసూది పెట్టి, ధార అద్దం మీద ఎంత ఎత్తున పడాలో సరిచేసే పని అది. పెద్దమ్మ పొట్టి. దిండు వేసుకుని నడిపేది. ధార ఎప్పుడూ ఆవిడ కళ్ళ ఎత్తుకే, అద్దం కింది వైపు పడేది. నేను నడిపితే నా ఎదుట మురికి అలాగే ఉండిపోయేది. ఆ రోజు దిండు తీసేసి నన్ను డ్రైవరు సీట్లో కూర్చోమంది. అద్దానికి అవతల నిలబడి సూది కాస్త తిప్పి, మీట లాగమని, మళ్ళీ తిప్పింది. నీళ్ళు సరిగ్గా నా కళ్ళకెదురుగా వచ్చి పడ్డాయి.

లమ్తపుట్‌కి నువ్వే నడుపుకుంటూ వెళ్తానన్నావు కదా, నీ ఎత్తుకే ఉంచమన్నాను.

"నానింకేటి నడుపుతానమ్మీ," అంది, సూది జాకెట్టుకి గుచ్చుకుంటూ. "దారి నీకు కనబడాల."

ఆ తర్వాత సీసా తనే నింపింది. ఈసారి గుడ్డతో వడగట్టి మరీ పోసి, పురుగుల మరకలు పోతాయని కాస్త స్పిరిట్ కలిపింది. నేను లోపలికి వెళ్ళి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చాను.

సమాధి పని అయ్యాక పెద్దమ్మ కారుని నన్నే తీసుకుపొమ్మన్నాడు తమ్ముడు. రాయగడ దారిలో ఆ మీట ముట్టుకోలేదు. సీసాలో ఉన్నవి ఆవిడ నింపిన నీళ్ళు. అవి అయిపోతే ఇంకెవరు నింపినా ఒట్టి నీళ్ళే. బురద పడినప్పుడల్లా కారు పక్కకి ఆపి, దిగి, గుడ్డతో తుడుచుకున్నాను. వెనక వచ్చేవాళ్ళు హారన్ కొట్టి విసుక్కున్నారు. విసుక్కోనీ అనుకున్నాను. లక్ష్మీపూర్ దాటాక ఒక మలుపులో, ఎదురుగా వచ్చిన లారీ అద్దమంతా బురద కొట్టి పోయింది. ఆపడానికి చోటు లేదు. ఒక పక్క లోయ. మీట లాగాను.

దారి కనబడింది. ఆ వెనకే గాలి వచ్చే సందుల్లోంచి స్పిరిట్ వాసన కారు నిండా పరుచుకుంది. డ్యూటీ దిగి వచ్చి నా తల నిమిరేటప్పుడు ఆవిడ చేతుల్లో ఉండే వాసన అదే. పెద్దమ్మా అని పైకే పిలిచాను. తెరిచి ఉన్న అద్దాలు రెండూ ఎక్కించేసి, లోపల ఆ వాసన ఉన్నంతసేపూ నెమ్మదిగా నడిపాను.