దేవమ్మ ఇచ్చిన బురద

ఆ పది రోజులూ దేవమ్మ కూర్చోగా నేను చూడలేదు.

యాప్రాల్‌లో మా అపార్ట్‌మెంట్ మురుగునీటి ప్లాంటు నడిపేది ఆమే. ఊడ్చే పనికి వచ్చిన మనిషి, ఆపరేటర్ చేసేది చూసి చూసి పని నేర్చుకుంది, అతను మానేసి పోతే తనే అందుకుంది. ట్యాంకులోకి గాలి పంపిస్తుంటే కంటికి కనపడని పురుగులు మన మురికిని తినేసి నీళ్లు తేరుస్తాయని నాకు చెప్పింది ఆమే. పోయినేడు పక్క అపార్ట్‌మెంట్ కొత్త ప్లాంటుకు, పురుగులు పుట్టాలని, మా ట్యాంకు బురద రెండు డ్రమ్ములు ఇచ్చింది. "మన సొత్తు అడక్కుండా ఎలా ఇస్తావ్?" అని సెక్రటరీ రామ్మోహనరావుగారు నలుగురిలో దులిపేశారు. బురదకు!

ఆయనే ఈసారి దోమల మీద యుద్ధం ప్రకటించారు. ఆదివారం సరిగ్గా పదింటికి నూట ఇరవై ఫ్లాట్ల వాళ్లూ బాత్రూముల్లో బ్లీచింగ్ నీళ్లు పోయాలని వాట్సాప్‌లో హుకుం. దేవమ్మను ఒక్క మాట అడగాలని ఎవరికీ తోచలేదు. నేనూ బుద్ధిగా బకెట్టు పోసి, సిగ్గులేకుండా గ్రూపులో ఫొటో పెట్టాను.

ఆ బ్లీచింగంతా ట్యాంకులోకి చేరి, మంగళవారానికి పురుగులన్నీ చచ్చాయి. ట్యాంకు నల్లబడింది. ఐదో అంతస్తు దాకా కంపు.

"పది రోజులు చూస్తాం. బాగవ్వకపోతే ఏజెన్సీకి ఇచ్చేస్తాం. నువ్వు వేరే పని చూసుకోవాలమ్మా," అన్నారు సెక్రటరీగారు ముక్కు మూసుకుని.

దేవమ్మ ట్యాంకు చుట్టూ తిరిగింది. గాజు జాడీతో ట్యాంకు నీళ్లు ముంచింది, పారబోసింది, మళ్లీ ముంచింది. బాల్కనీలోంచి చూస్తున్న నాకు కాలు నిలవలేదు. తప్పు నాది కూడా. కిందికి దిగాను.

"బెల్లం నీళ్లు పోసిన, పేడ సుత కలిపిన. పురుగులు లేస్తలేవు మేడం. మస్తు పరేషానైతుంది," అంది. "పాలకు పెరుగు తోడేస్తం గదా, గట్లనే దీనికి తోడు గావాలె."

ఇద్దరం పక్క అపార్ట్‌మెంటుకు పోయాం. అక్కడి ఆపరేటర్ బిక్షం సంగతి విని వెంటనే డ్రమ్ములు బయటికి దొర్లించాడు.

"అడుగుడేందక్కా? నువ్విచ్చిన బురదే గదా!"

ట్రాలీ ఆటోలో నాలుగు ట్రిప్పులు తెచ్చాం. ఆ తర్వాత రోజుకు పదిసార్లు జాడీ ముంచడం, ఎదురుచూడటం. నాకూ అన్నం సయించలేదు.

పదో రోజు జాడీ అడుగున గోధుమరంగు బురద పేరుకుంది. పైన నీళ్లు తేటగా ఉన్నాయి. సెక్రటరీగారు దాన్ని వెలుతురుకు ఎత్తి చూశారు.

"భేష్! ఏ కంపెనీ మందమ్మా?"

"మందు గాదు సారూ. పోయినేడు మన సొత్తని నన్ను తిట్టిండ్రు సూడుండ్రి, గదే. పోయి అడుక్కొచ్చిన."

ఆయన జాడీని మెల్లగా కింద పెట్టారు. దేవమ్మ అప్పుడు కూర్చుంది, ట్యాంకు గట్టు మీద, కాళ్లు చాపుకుని.