ఊదా సిరా సంతకాలు

నా చిన్నప్పుడు జాలరిపేటలో ఆడపిల్ల పనీపాటా లేకుండా కూర్చోగలిగిన చోటు ఒక్కటే ఉండేది. అది మునిసిపాలిటీ వాళ్ల రీడింగ్ రూము. సముద్రం వైపు పోయే సందు చివర, కమ్యూనిటీ హాలును ఆనుకుని ఉన్న చిన్న గది. రెండు పేపర్లు, ఒక వారపత్రిక, అట్టలూడిన పిల్లల కథల పుస్తకాలు, పౌడరు లేక గరగరలాడే క్యారమ్స్ బోర్డు, ఒక ఫ్యాను, ఇంతే దాని ఆస్తి. ఇంట్లో ఉంటే నీళ్లు పట్టమనో, ఎండుచేపల మీద వాలే కాకుల్ని తోలమనో ఎవరో ఒకరు కేకేస్తూనే ఉండేవారు. ఆ గదిలో ఉన్నంతసేపూ మాత్రం మా అమ్మమ్మ, "సదువుకుంటంది, ఒగ్గీయండి దాన్ని" అనేది. తొంభైల నడిమి మాట ఇది. నాకప్పుడు పదేళ్లుంటాయి.

ఆ గదిని చూసుకునేది మా పక్కింటి అక్క. ఆదివారం తెల్లచీర కట్టి చర్చికి వెళ్లేది, మిగతా ఆరు రోజులూ రీడింగ్ రూములో ఉండేది. తాళం తీయడం, ఊడవడం, పుస్తకాలకు అట్టలు వేయడం, మాచేత పైకి చదివించడం, అన్నీ ఆవిడే. పర్మనెంటు ఉద్యోగం కాదు. ఏడాదికోసారి ఆఫీసు నుంచి కాగితం వస్తే ఇంకో ఏడాది ఉంటుంది, రాకపోతే లేదు. ఒకసారి ఈ ఫ్యాను ఎవరు కొన్నారని అడిగాను. "మీ అమ్మమ్మే కొంది. ఇంటి పన్ను కడతాది కదా, అందులోంచి సిన్న ముక్క ఈ పుస్తకాలకీ ఫ్యానుకీ వత్తాది" అని నవ్వింది. ఆ సాయంత్రం చేపల తట్ట దించుకుంటున్న మా అమ్మమ్మ నాకు జమీందారిణిలా కనిపించింది.

గదిలోకి వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర రిజిస్టరులో పేరు రాసి సంతకం పెట్టాలి. చదువు రానివాళ్ల పేరు అక్క రాసేది, వాళ్లు వేలిముద్ర వేసేవారు. నెలకోసారి జోనల్ ఆఫీసు గుమాస్తా వచ్చి, రోజుకు ఎంతమంది వచ్చారో చూసి రాసుకుపోయేవాడు. మా పేటలో మగవాళ్లకు పేపరు చదివే తీరిక ఎక్కడిది? వేట నుంచి వస్తే వల బాగుచేసుకోవాలి, లేదంటే నిద్రపోవాలి. ఒక నెల ఆ గుమాస్తా రిజిస్టరు తిరగేసి, "జనం ఇలా పల్చగా ఉంటే పైవాళ్లు ఈ గదికి మనిషిని ఇవ్వరమ్మా. మూసేసి, కాలువల్లో చల్లే బ్లీచింగ్ పౌడరు బస్తాలు పెట్టుకుంటారు" అని చెప్పి వెళ్లిపోయాడు. అక్క రిజిస్టరు మూసి చీపురు అందుకుంది. నాకు మాత్రం అన్నం సహించలేదు. ఆ గది పోతే నేనెక్కడ కూర్చోవాలి?

అక్క నాకో పెన్ను ఇచ్చింది, ఒక కథ తప్పుల్లేకుండా పైకి చదివినందుకు. ఊదా సిరా పెన్ను. మా సందులో మరెవరి దగ్గరా లేదు. గుమాస్తా వచ్చిపోయిన వారమే, గురువారం సాయంత్రం అక్క కుళాయి దగ్గరికి వెళ్లినప్పుడు రిజిస్టరు ముందు నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ రోజు పేజీలో ఉన్నది నా పేరొక్కటే. దాని కింద తెలిసిన పేర్లు గబగబా రాసేశాను. మా వాళ్లు పడవ పేరు చెబితే వెంటనే అందులో ఎవరెవరు వెళతారో వరసగా చెప్పేస్తారు, ఆ వరస పిల్లలకు కూడా కంఠతా వచ్చు. నా చెయ్యి మా మావయ్య పడవతో మొదలుపెట్టింది. మావయ్య, ఇంకో ముగ్గురు. ఒక్కొక్క పేరు పక్కన ఒక్కో వంకరతో ఒక్కో సంతకం గీశాను. మావయ్యకు సంతకం రాదన్న సంగతి నాకు తట్టనేలేదు. ఆ నలుగురూ ఆ రోజు తెల్లవారకముందే వేటకు వెళ్లారన్న సంగతి అసలే తట్టలేదు. బడిలో దొంగలెక్క చేసి మార్కులు కొట్టేసినట్టు మురిసిపోయి ఇంటికి వెళ్లాను.

ఆ రాత్రే గాలి మొదలైంది. వాయుగుండమట, హార్బరులో ప్రమాద హెచ్చరిక జెండా ఎత్తారట. శుక్రవారం పొద్దుటికి మిగతా పడవలన్నీ ఎలాగోలా ఒడ్డెక్కాయి. మావయ్య పడవ రాలేదు. మా అత్త చంటిపిల్లను చంకనేసుకుని ఇసుకలో నిలబడిపోయింది, ఎవరు పిలిచినా కదల్లేదు.

శనివారం పొద్దున్న మత్స్యశాఖ ఆఫీసు నుంచి ఒకాయన వివరాలు రాసుకోవడానికి వచ్చాడు. మగవాళ్లంతా హార్బరు దగ్గరే ఉన్నారు. పేటలో కుర్చీ బల్లా ఉన్న చోటు రీడింగ్ రూమే కాబట్టి అక్కడే కూర్చున్నాడు. పడవ ఎప్పుడు వెళ్లిందని అడిగాడు. "గురువారం తెల్లారగట్ట ఎల్లాడు బాబూ. నానే సద్ది కట్టేను" అంది అమ్మమ్మ. ఆయన రాసుకుంటూ, పేర్లు అడుగుతూ, బల్ల మీదున్న రిజిస్టరు యథాలాపంగా తిరగేశాడు. చూస్తూ చూస్తూ చెయ్యి ఆపేశాడు.

"గురువారం సాయంత్రం నలుగురూ ఇక్కడే ఉన్నారు కదమ్మా. సంతకాలున్నాయి. అంటే హెచ్చరిక ఇచ్చాక శుక్రవారం వెళ్లారన్నమాట. ఎక్కువ దూరం పోయుండరు, ఈ దగ్గర్లోనే వెతకమంటాను" అన్నాడు.

నేను గుమ్మం పక్కనే నిలబడి వింటున్నాను. గాలికి ముందే వెళ్లిన పడవ ఈపాటికి దక్షిణానికి కొట్టుకుపోయి ఉంటుందని పొద్దుటినుంచీ అందరూ అంటున్న మాట నా చెవిలోనే ఉంది. ఇప్పుడు ఆ పడవను లేని చోట వెతుకుతారు. నా రాత వల్ల. కాగితంలో రాసుందనేసరికి అమ్మమ్మ కూడా బెదిరిపోయింది. "గురువారమే కదేటి?" అని తన కొడుకు వెళ్లిన రోజును తనే పక్కవాళ్లను అడగడం మొదలెట్టింది. అమ్మమ్మ అలా తడబడడం నేనెన్నడూ చూడలేదు. ఆ భయం ఇప్పటికీ కలలోకి వస్తుంది.

అక్క వచ్చి రిజిస్టరు తన వైపు తిప్పుకుంది. ఊదా సిరా చూసింది. తలెత్తి నా వంక ఒక్కసారి చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది.

"ఇవి దొంగ సంతకాలు సార్. ఈ అమ్మ కొడుక్కి సంతకం రాదు. వత్తే గిత్తే వేలిముద్రే. అమ్మ సెప్పిందే నిజం, గురువారం తెల్లారగట్టే ఎల్లారు."

"మరి ఎవరు పెట్టారు?"

"రిజిస్టరు నాది సార్. నా బాధ్యత."

ఆయన అక్కను ఎగాదిగా చూశాడు. జనం ఎక్కువ వచ్చినట్టు చూపించడానికి ఆవిడే రాసిందనుకున్నాడని చిన్నదాన్నయినా నాకర్థమైంది. అక్క స్కేలు పెట్టి ఒక్కో పేరు మీదా ఎర్రగీత గీసింది. కింద తన పేరు రాసి సంతకం చేసింది. నాలుగు గీతలు. ఒక్కొక్క గీతకీ చెప్పేద్దామనుకున్నాను, చెప్పలేదు. అంత పిరికిదాన్ని.

ఆయన వెంటనే లేచి, ఫోను చెయ్యడానికి పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు. ఆదివారం మధ్యాహ్నం కబురొచ్చింది. దక్షిణాన పూడిమడక అవతల ఒక మరబోటు వాళ్లకు మావయ్య పడవ కనిపించిందట, బోల్తాపడి. నలుగురూ దాన్ని పట్టుకునే ఉన్నారట. పేటంతా ఏడుస్తూ నవ్వుతోంది. నేను ఆ సందడిలోంచి జారుకుని, చర్చి నుంచి వస్తున్న అక్కకు ఎదురెళ్లి ఆ తెల్లచీర పట్టుకుని అంతా చెప్పేశాను. "సిరా సూసినప్పుడే తెలిసింది నాకు. మీ మావకి కూడా నువ్వే సెప్పు" అంది. కోప్పడుతుందనుకుంటే కుచ్చిళ్లకు నా చీమిడి అంటిందని మాత్రం విసుక్కుంది.

మావయ్యకు చెప్పడం మరింత భయం. ఉప్పునీళ్లకు పెదాలు పగిలి మంచం మీద పడుకున్నాడు. అంతా విని మోచేతి మీద లేచాడు. "నాను సముద్రంలో సావుకీ బతుక్కీ మధ్యనుంటే, ఇక్కడ పేపరు సదివించేవేటే నా సేత?" అన్నాడు. నవ్వబోతే పెదవి చిట్లింది. వారం తిరక్కుండా ఆ నలుగురూ వచ్చి గదిలో కూర్చున్నారు. అక్క పేపరు చదివి వినిపించింది. పోతూ పోతూ ఒకరి తరవాత ఒకరు రిజిస్టరులో నిజం వేలిముద్రలు వేశారు.

కానీ ఆ ఏడు అక్కకు కాగితం రాలేదు. ఆ ఎర్రగీతలు చూసి, రిజిస్టరు సరిగా చూసుకోలేదన్నారు. నేనూ, మా అమ్మమ్మా వెళ్లి నిజం చెప్పి బతిమాలాం, ఆఫీసులో చిన్నపిల్ల మాట ఎవరు రాసుకుంటారు? గది మూసేస్తారన్నది మాత్రం జరగలేదు. గదికి డబ్బిచ్చారు, మనిషికి ఇవ్వలేదు. తాళం వేసిన తలుపు కింద నుంచి పేపర్లబ్బాయి రోజూ రెండు పేపర్లూ లోపలికి తోసేవాడు. కిటికీలోంచి చూస్తే అవి గుట్టగా పెరుగుతూ కనిపించేవి.

తాళం అప్పగించి వెళ్లిపోయే ముందు అక్క నాకు ఆ గురువారం పేజీ చూపించింది. నాలుగు ఎర్రగీతల పైన నా పేరు. కింద మొత్తం అన్న చోట అక్క రాసిన మాట, ఒకటి. తక్కువ కదా అక్కా, అన్నాను ఏడుస్తూ. "ఒక్కరొత్తే ఒక్కరనే రాయాలి. ఆ ఒక్కరూ నువ్వే కదే, తక్కువేటి?" అంది.

ఇప్పుడు నా తల నెరుస్తోంది. గాజువాకలో ఇల్లు, చేతిలో ఇంటి పన్ను రసీదు. ఎక్కడ ఏ రిజిస్టరు ముందుకు తోసినా, సంతకం పెట్టే ముందు పైనున్న పేర్లన్నీ ఒకసారి చదువుతాను. బ్యాంకులో కుర్రాళ్లు చాదస్తం అనుకుంటారు. కాదు. నా పేరు రాసి, దాని కింద ఖాళీగా ఉన్న గీతల వైపు చూడకుండా పెన్ను ఇచ్చేస్తాను.