వాగులో పాతిన ఐదు రాళ్ళు

మా వాగు మీది పాత వంతెన పాడైపోయిందని సర్కారుకు తెలియడానికి దొరగారి బండి చక్రం అందులో దిగబడవలసి వచ్చింది. అంతకుముందు పదేళ్ళుగా దాని మీద బర్రెల కాళ్ళు విరిగాయి, మనుషుల కాళ్ళూ విరిగాయి. ఏటా వానలు వెనకబట్టగానే మా వాడ మగవాళ్ళు వెట్టికి పోయి కుళ్ళిన పలకలు తీసి, కొంచెం తక్కువ కుళ్ళిన పలకలు వేసి వచ్చేవారు. దొరగారికి దెబ్బ తగల్లేదు. ఆయన తలపాగా మాత్రం వాగులో పడింది. నెల తిరగక ముందే కొత్త వంతెనకు హుకుం వచ్చింది.

నిజాం సర్కారు రోజులవి. యుద్ధం ఇంకా మొదలు కాలేదు. నేను అప్పటికి ముప్పై ఏళ్ళు నిండని విధవను. మహబూబ్‌నగర్‌లో మిషన్ వాళ్ళ దగ్గర రెండేళ్ళు వాక్యం నేర్చుకొని, వాడవాడకూ తిరిగి ఆడవాళ్ళకు చెప్పే పనిలో ఉన్నాను. మా క్రైస్తవ సంఘంలో నన్ను అక్కా అనేవారు. ఊళ్ళో మిగతావాళ్ళకు నేను ప్రార్థనమ్మను.

కొత్త వంతెన పని చూడటానికి బయటి నుంచి ఇంజనీర్లను ఎందుకు పెట్టారో తహసీల్దారు పటేలు ఇంటి అరుగు మీద కూర్చొని విప్పి చెప్పాడట. గుత్తేదారు ఓవర్సీరుకు చుట్టం. ఓవర్సీరు పటేలుకు దోస్తు. పటేలు దొరగారికి నమ్మినబంటు. వీళ్ళందరూ ఇంత ఒద్దికగా ఉంటే సిమెంటు అంతా ఇళ్ళకే చేరుతుంది, వంతెనకు మిగలదు. కాబట్టి ఇక్కడ ఎవరికీ ఏమీ కానివాళ్ళు వచ్చి పని మీద కన్ను వేయాలి. మాట బాగానే ఉంది. ఇక్కడ ఎవరికీ ఏమీ కానివాళ్ళకు ఇక్కడి వాగు కూడా ఏమీ కాదన్న సంగతి మాత్రం అరుగు మీద ఎవరికీ తోచలేదు.

గోదావరి వైపు నుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. ఒకరు పెద్ద, ఒకరు చిన్న. మూడు బండ్ల సామాను తెచ్చారు. ఒక బండిలో కొలిచే సామాను, ఒక బండిలో మంచాలూ కుర్చీలూ, మూడో బండి నిండా ఊరగాయ జాడీలు. మొదటి రోజు గొడుగులు పట్టించుకొని వాగులోకి దిగారు. మూడు కాళ్ళ దుర్భిణిలో కాసేపు పెద్దాయన చూశాడు, పెద్దాయన చూసింది సరేనని చిన్నాయన చూశాడు. కొత్త వంతెన కాళ్ళు ఎక్కడెక్కడ లేవాలో అక్కడ ఇసుకలో, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వరసగా ఐదు రాళ్ళు పాతించారు. ఎండలో దూరానికి కనపడాలని రాళ్ళకు సున్నం కొట్టించి, నెత్తిన ఎర్రరంగు బొట్టు పెట్టించారు. తర్వాత రెండు క్రోసుల దూరంలో, సర్కారు అధికారులు దిగే ముసాఫిర్ బంగళాకు పోయి వట్టివేళ్ళ తడికల వెనక చేరారు. ఎండలు ముదిరాయి. మళ్ళీ వాళ్ళు వాగు మొహం చూడలేదు.

పోతూ పోతూ రాళ్ళకు ఒక కావలికారును పెట్టారు. ఆ కావలికారు మా సంఘంలోని ముసలాయనే. వాడంతా ఆయనను తాతా అనేది. పెద్ద ఇంజనీరు ఆయనతో, "ఇవి కదిలాయంటే వంతెనే లేదు. ఐదు రాళ్ళు నీకు అప్పజెప్పాం, ఐదూ మాకు అప్పజెప్పాలి" అన్నాడట. తాత కట్టె పట్టుకొని వాటి పక్కన నిలబడ్డాడు.

ఇక గొర్లు కాసేవాళ్ళు రోజూ మందను నీళ్ళకు తోలుకొచ్చి చూసేది ఏమిటి? తెల్లటి రాళ్ళు, నెత్తిన ఎర్రబొట్టు, పక్కన సర్కారు మనిషి కావలి. సర్కారు ఉత్త రాయికి మనిషిని పెడుతుందా? మూడో రోజు ఒకాయన పసుపు పూశాడు. వారానికి కొబ్బరికాయలు మొదలయ్యాయి. ఇంకో వారానికి వంతెన మైసమ్మ అని పేరు పడి, కోళ్ళు తెగాయి, రాళ్ళ ముందు నేల మీద కల్లు సాక పోశారు. తాత అడ్డం చెప్పాడా అంటే, రాయిని ముట్టొద్దన్నాడు గానీ మొక్కొద్దనలేదు. ఎవరూ ఆయనకు ఆ హుకుం ఇవ్వలేదు. కోసిన కోడిలో ఒక కాలు ఆయనకు అందేది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నేను ఆ నెలంతా అచ్చంపేట పక్క గూడేలకు పోయి ఉన్నాను. తిరిగి వచ్చిన రోజే మా సంఘం పెద్దామె ఎదురొచ్చి చెప్పింది.

"అక్కా, వాగుల కొత్త దేవత లేచింది. మన తాతనే పూజారి."

"మన తాతనా?"

"కోడికాలు తింటుంటే నా కండ్లార చూసిన. బాప్తిస్మం తీసుకున్న నోటితోని తింటాండు."

తాతను పిలిచి ఒక్క మాట అడిగి ఉంటే ఇది రాయవలసిన పని ఉండేది కాదు. నేను అడగలేదు. వాక్యం తెలిసినవాళ్ళకు అడిగే అలవాటు తక్కువ. చెప్పే అలవాటే ఎక్కువ. ఆదివారం ప్రార్థనలో, పూర్వం భక్తులు బలిపీఠాలు పడగొట్టిన సంగతులు గొంతు చించుకొని చెప్పాను. తాత ఆ వేళ వాగు దగ్గర కావలిలో ఉన్నాడు గనుక వినలేదు. ఆరాధన అయిపోగానే పన్నెండు మంది ఆడవాళ్ళను వెంటబెట్టుకొని, రెండు గడ్డపారలు తీసుకొని, కీర్తన పాడుకుంటూ వాగులోకి దిగాము. సరిగ్గా అప్పుడే తాత అంబలి తాగడానికి ఇంటికి పోయాడు. అది కూడా దేవుడే చేశాడని అనుకున్నాను. ఐదు రాళ్ళూ పెకిలించి మడుగులోకి దొర్లించాము. మొదటి రాయి నా చేతులతో నేనే తీశాను. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది, అదే సిగ్గు.

పొద్దు వాలేటప్పుడు గొర్లకాపరులు వచ్చారు. మైసమ్మ మడుగులో ఉంది. వాళ్ళలో పెద్దాయన, అమ్మ తానం చేయాలని కోరి దిగిందని, ఇక జాగా మార్చాలని తేల్చాడు. రాళ్ళు పైకి తీసి, కొంచెం ఎగువన, మెరక చూసి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఉన్నట్టే వరసగా నిలబెట్టారు. మందను లెక్కబెట్టే మనుషులు గనుక ఎడం కూడా సమానంగా ఉంచారు. కొత్త పసుపు పూశారు. తాత వచ్చి చూస్తే జాగా తేడాగా తోచింది గానీ, తనకు అప్పజెప్పింది ఐదు. లెక్కబెట్టాడు. ఐదు ఉన్నాయి. ఊరుకున్నాడు. పూజారి అనుకున్న మనిషికి మేము వాగులోకి దిగిన సంగతి మాలో ఎవరూ చెప్పలేదు.

మూడు రోజులకు గుంతలు తవ్వడానికి మేస్త్రీ వచ్చాడు. బాట ఒక దిక్కు ఉంది, రాళ్ళు ఇంకో దిక్కు ఉన్నాయి. మేస్త్రీ పోయి పటేలుకు చెప్పాడు. పటేలు వచ్చి తాతను గుడిసె ముందు నిలబెట్టాడు.

"ఏంరో, సర్కారు రాళ్ళు జరిపిందెవడు?"

"నాకెర్క లేదు దొరా. ఐదుకైదున్నయి."

"ఐదున్నయి గానీ ఉండాల్సిన కాడ లేవు గద. రేపు పొద్దుగూకెటాలకు పేరు చెప్పు. లేకుంటె గీ గుడిసె పీకిచ్చి ఊరవతల ఏపిస్త."

ఆ గుడిసె తాత తండ్రి కట్టింది. ఆ జాగా తప్ప ఆయనకు భూమి మీద ఇంకో జాగా లేదు. పటేలు అన్నాడంటే పీకిస్తాడు. అంతకుముందు రెండు పీకించాడు.

తాత నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, నువ్వు ప్రార్థన జెయ్యి. గా ఇంజనీర్ల రాళ్ళు ఎవడు పీకిండో దేవుడు బయటబెట్టాలె."

"ఇంజనీర్ల రాళ్ళేంది తాతా?"

అప్పుడు చెప్పాడు, సున్నం, ఎర్రబొట్టు, దుర్భిణి, కావలి, కోడికాలు అన్నీ. నేను మడుగులోకి దొర్లించినవి అవే. తాత కళ్ళు మూసుకొని చేతులు జోడించి ఎదురుచూస్తున్నాడు. ఏం ప్రార్థన చేశానో నాకు తెలియదు. ఆయన మాత్రం గట్టిగా ఆమెన్ అన్నాడు.

మరునాడు పొద్దున్నే బంగళాకు నడిచాను. దొంగతనంగా చేసిన పాపమైతే దేవునితో చెప్పుకుంటే చాలనుకునేదాన్నేమో. ఇది పాట పాడుకుంటూ చేసిన పని, ఇంకొకరి నెత్తిన పడబోతున్నది. నేను చేరేసరికి పటేలు అప్పటికే వరండాలో నిలబడి ఇంజనీర్లకు సంగతి మొదలుపెట్టాడు. ఇద్దరూ కాఫీ తాగుతున్నారు.

"అయ్యా, రాళ్ళు తీసింది నేను" అన్నాను. "విగ్రహాలనుకొని తీసిన. తాతకేం తెల్వదు."

చిన్నాయన గ్లాసు కింద పెట్టాడు. "ఏ రాళ్ళమ్మా?"

"మీరు వాగుల పాతినయి. ఎగువకు జరిగినయి."

"జరగలేదండీ" అన్నాడు పెద్దాయన, నాతో కాదు, పటేలుతో. "మేం రోజూ తెల్లవారగానే స్వయంగా వెళ్ళి చూసుకుంటున్నాం. ఇదిగో, కాగితాలున్నాయి. ప్రతిరోజూ రాసి పైకి పంపాం. నిన్న కూడా వెళ్ళాం. ఉన్నచోటే ఉన్నాయి."

చిన్నాయన కాగితాల కట్ట తెచ్చి చూపించాడు. నాకు ఆ రాత చదవడం రాదు గానీ, రోజుకొక కాగితం ఉందని కనపడింది. ఎండ ఎక్కువైన కొద్దీ కాగితంలో రాత పెరిగింది.

"అయ్యా, బాట కాన్నుంచి నడిచి చూడుండ్రి" అన్నాను. "దూరం తెలుస్తది."

"ఏమ్మా, దేవుని మాట చెప్పేదానివి కదా నువ్వు. ఇలా అబద్ధాలు ఆడొచ్చా?"

నా బతుకులో అంత నిజం నేను ఎన్నడూ చెప్పలేదు, అంత గట్టిగా అబద్ధమని ఎన్నడూ అనిపించుకోలేదు. పటేలు వైపు చూశాను. పటేలు తెలివైనవాడు. ఇంజనీర్లు పోయినట్టు రాసిన చోటికి పోలేదని తేలితే, వాళ్ళు రోజూ పోతున్నారని భత్యాల కాగితాలకు దస్కతు పెట్టిన తననూ సర్కారు నిలదీస్తుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"రాళ్ళు జరుగలేదు సాబ్. బాటనే జర వంకర ఉన్నట్టుంది."

"అదే. బాట వంకర" అన్నాడు పెద్దాయన తేలికపడి. "బాటను సరిచేయించండి."

రాళ్ళు కదలనప్పుడు కదిలించినవాడు ఉండడు. తాత గుడిసెకు వచ్చిన ముప్పు అట్లా పోయింది. పైగా కావలికారు రేయింబవళ్ళు ఒక్క అడుగు కూడా కదలకుండా కాపలా కాశాడని ఉర్దూలో ఒక కాగితం రాయించి, ముద్ర వేసి తాతకు పంపారు. వంతెన పని గొర్లకాపరులు చూపిన జాగాలోనే మొదలైంది. దేవుని దయ, అక్కడ మూడు గజాల లోతులోనే బండ తగిలింది. ఎంతో పరిశోధించి ఆ జాగా ఎంచామని ఇంజనీర్లు పైకి రాశారని విన్నాను. తర్వాత వాళ్ళు ఇంకో తాలూకాలో ఇంకో వంతెన మీద కన్ను వేయడానికి బండ్లు కట్టించుకొని పోయారు.

నేను తాతకు అంతా చెప్పాను.  బడి పంతులు చదివి చెప్పిన ఆ కాగితం ఆయన చేతిలో ఉంది.

"నువ్వు తీసినవని నువ్వంటివి" అన్నాడు. "తియ్యలేదని వాళ్ళనిరి. ఒక్క అడుగు కదల్లేదని గీ కాయిదమంటాంది. నేను అంబలికి పోయిన గద బిడ్డా. గీ అబద్ధం నా పేరు మీద ఎందుకు?"

"నన్ను తిట్టు తాతా."

"తిడుత. ముందుగాల గీ అబద్ధం నా మీదికెల్లి దించు."

ఆదివారం ఇద్దరం సంఘం ముందు నిలబడ్డాము. తాత కోడికాలు ఒప్పుకున్నాడు, అంబలి ఒప్పుకున్నాడు, కాగితం ఒప్పుకున్నాడు. పెద్దలు ఆయనను నిమిషంలో క్షమించారు. నా దగ్గరికి వచ్చేసరికి చిక్కు పడింది. ఆ పన్నెండు మంది ఆడవాళ్ళూ తలలు వంచుకున్నారు. పెద్దల్లో ఒకాయన, "రాళ్ళు జరుగలేదని సర్కారు రాసినంక, జరిగినయని మనం శిక్ష ఏసుడెట్ల? రేపు సర్కారు మాట కాదన్నరంటరు" అన్నాడు. ఇంకొకాయన, జరగని దానికి క్షమాపణ ఉండదన్నాడు. నాకు శిక్ష దొరకదన్న భయం పట్టుకుంది. ఆ భయం ఎట్లా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

తాత లేచి కట్టె అందుకున్నాడు. "రాండ్రి" అన్నాడు.

సంఘమంతా వెంట నడిచింది. పాత వంతెన దగ్గర ఇసుకలోకి దిగి, అటూ ఇటూ చూసి, కట్టె గుచ్చాడు. "మొదటి రాయి గీడ ఉండె." అక్కడి నుంచి కొత్త గుంత వైపు ఒక్కొక్క అడుగు వేస్తూ గట్టిగా లెక్కబెట్టాడు. అందరం ఆయనతో పాటు లెక్కబెట్టాము. ఇరవై రెండు.

"ఇరువై రెండడుగుల తప్పు చేసినవక్కా" అంది పెద్దామె.

"చేసిన" అన్నాను.

మూడు నెలలు ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షారసం నాకు ఇవ్వవద్దనీ, అన్ని రోజులూ నేను ఎవరికీ వాక్యం చెప్పకుండా వెనక కూర్చొని వినాలనీ తీర్పు అక్కడే ఇసుకలో నిలబడి చెప్పారు. తాత తిట్టవలసిన తిట్లు కూడా అక్కడే తిట్టాడు. ఆ వంతెన పని మొత్తంలో మనుషులు కాళ్ళతో నడిచి చేసిన తనిఖీ అదొక్కటే.