సిరాబుడ్డి బావగారి పరీక్షలు

మా బావగారు సిరా పరీక్షిస్తారు. అదేదో ఉద్యోగం అనుకునేరు, కాదు. ఎవరూ చెయ్యమన్లేదు, మానేస్తే ఎవరూ ఏడవరు. వంతెనల నక్షాలు గీసే ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యాక, ముందుగదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని, ఫౌంటెన్ పెన్‌లో పోసే సిరాలన్నిటికీ మార్కులు వేసే బరువు తనంతట తనే నెత్తినెత్తుకున్నారు. మా వైపు వాళ్ళందరం ఆయన్ని చాటుగా సిరాబుడ్డి అంటాం. ఎదురుగా అనేది నేనొక్కదాన్నే. మరదల్ని కదా, ఆ మాత్రం హక్కుంది.

అందులోనూ జపాన్ సిరా అంటే ఆయనకి ఒళ్ళు తెలియదు. అట్టపెట్టె విప్పేటప్పుడు చూడాలి ఆ చేతులు! పురిటిబిడ్డని కూడా అంత పదిలంగా ఎత్తుకుని ఉండరు. ఆఖరిగా తెప్పించిన సీసా పేరు ‘వాన వెలిసిన సాయంత్రం’ అట. వాన వెలిసిన సాయంత్రం కావాలంటే పక్కనున్న కిటికీ రెక్క తీస్తే చాలదూ? తీయరు. గాలికి కాగితాలు ఎగిరిపోతాయట.

ఇక పరీక్ష. పెన్ను మూడుసార్లు కడిగి, ఆరబెట్టి, సిరా ఎక్కించి, నున్నటి ఖరీదైన కాగితం మీద ఒక వాక్యం రాస్తారు. ‘ఈ వాక్యము ఈ సిరాతో వ్రాయబడినది.’ దాన్నే వరసగా ఎనిమిదిసార్లు రాసి, గడియారం చూస్తూ ఐదు సెకన్లకోసారి ఒక్కో వరస మీద బొటనవేలితో రుద్దుతారు. ఎన్నో సెకనుకి వేలికి అంటకుండా ఉంటే అది ఆరే సమయం. తర్వాత నీటిచుక్క వేసి కరుగుతుందో లేదో, కాగితం తిప్పి వెనక్కి దిగిందో లేదో చూడ్డం, మార్కులు వెయ్యడం. ఇలాంటి నోటుబుక్కులు నలభై ఆరున్నాయి. నలభై ఆరింట్లోనూ అదే వాక్యం! మనిషన్నాక రాసుకోడానికి ఇంకో మాట దొరకదా అని అడిగాను ఒకసారి. “వాక్యం మారితే పోలిక చెడుతుంది” అన్నారు, నేనేదో చదువురాని దాన్నయినట్టు.

మా అక్క కుట్టుపని చేస్తుంది. మూడేళ్ళ కిందట పెద్ద జ్వరం వచ్చి, దానికి వాడిన మందులకి రెండు చెవులూ పోయాయి. మాట బాగానే మాట్లాడుతుంది, ఎదుటివాళ్ళది మాత్రం ఒక్క ముక్క వినపడదు. చెవి మిషను కూడా పని చెయ్యలేదు. ఏం చేస్తుంది, వంటింటి గుమ్మానికి ఒక పలచటి నోటుబుక్కు వేలాడదీసి, దారంతో పెన్సిలు కట్టింది. చెప్పాలనుకున్నవాళ్ళు అందులో రాస్తారు. ‘రేపు పాలు ఉండవు’ అని పాలవాడు రాశాడు. ‘జాకెట్టు చేతులు కొంచెం వదులు చెయ్యండి’ అని పక్కింటావిడ రాసింది. గ్యాస్ బండ తెచ్చేవాడు కూడా రాశాడు, పాపం, అక్షరానికో తప్పుతో.

కట్టుకున్నవాడు మాత్రం ఒక్క అక్షరం రాయలేదు. ఆ కాగితం నాసిరకమట, పెన్ను పెడితే సిరా పాకుతుందట. పెన్సిలు రాత రాతే కాదట. ఫోనులో టైపు చెయ్యడమంటే సరే సరి, ముట్టుకుంటే మైల అన్నట్టు చూస్తారు. ఏదైనా చెప్పాలంటే చేతులు తిప్పుతారు, లేదా అరుస్తారు. అరిస్తే వినపడేదైతే వీధి చివరి వాళ్ళతో పాటు మా అక్కకీ వినపడేది!

ఈ మధ్య కొత్త పరీక్షలని అక్కని చెవి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అన్నీ చూశాక డాక్టరు ఈయన్ని గదిలోకి పిలిచి, ఇక వినికిడి రాదని చెప్పేశాడు. ఈయన బయటికొచ్చి అక్కకి చెయ్యి ఊపారు, చూద్దాంలే అన్నట్టు. ఇంటికొచ్చాక అక్క రోజూ అడిగేది, “ఏమన్నాడండీ డాక్టరు?” అని. రోజూ అదే చెయ్యి. ఆ చెయ్యి చూసి, ఆపరేషనేదో చేస్తారు కాబోలని ఆ పిచ్చిది మూడు వారాలు ఆశ పెట్టుకుని కూర్చుంది. చివరికి మాత్రలకని తనే వెళితే, కౌంటరులో అమ్మాయి చీటీ మీద రాసిందట: ‘ఇక వినపడదని మీ వారికి అప్పుడే చెప్పారు కదండీ.’

అక్క నాకు ఫోనులో ఒక్క ముక్క పంపింది. ‘నన్ను మీ ఇంటికి తీసుకెళ్ళు.’ నాకు ఒళ్ళు మండిపోయింది. మొదటి బస్సు పట్టుకుని వెళ్ళాను.

వెళ్ళేసరికి అక్క సంచి సర్దుకుని కుర్చీలో కూర్చుని ఉంది. బావగారేమో బల్ల దగ్గర వాన వెలిసిన సాయంత్రాన్ని పెన్నులోకి ఎక్కిస్తున్నారు.

“బావగారూ, ఇది వెళ్ళిపోతోంది, తెలుసా?”

“తెలుసు. సంచి చూశాను.”

“చూసి?”

“ఏం చెప్పమంటావు? చెబితే వినపడదుగా.”

“రాయండి! చేతిలో ఉన్నదేంటి, గరిటా? నలభై ఆరు పుస్తకాలు నింపారు కదా, కట్టుకున్నదానికి ఒక్క వాక్యం రాయడానికి చెయ్యి రాదా? సిగ్గులేదూ?”

ఆయన నా వైపు చూశారు, అక్క వైపు చూశారు. నున్నటి కాగితం ఒకటి తీసి ముందేసుకున్నారు. మెల్లగా రాయడం మొదలుపెట్టారు. అక్క లేచి, కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది. ఆ నడకలో ఎంత ఆశో!

ఆయన చివర చుక్క పెట్టారు. గడియారం వైపు ఓసారి చూశారు. అక్క వంగి చదవబోతుండగా, ఆ మహానుభావుడు బొటనవేలు తీసుకెళ్ళి ఆ వాక్యం మీద ఈ చివర్నుంచి ఆ చివరికి రుద్దేశారు.

ఓరి నాయనో! అలవాటట, అలవాటు! కాగితం మీద నీలం మరక తప్ప ఇంకేం మిగల్లేదు. ఆయన తన వేలి వంక తనే, ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నారు.

“మూడేళ్ళకి ఒక్క ముక్క రాశారు. అదీ తుడిచేశారు” అంది అక్క. గట్టిగా కూడా అనలేదు.

నేను తిట్లు అందుకునేలోపే ఆయన ఇంకో కాగితం తీశారు. ఈసారి అక్షరాలు వంకర పోయాయి. రాసి, పెన్ను పక్కన పడేసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఎక్కం అప్పజెప్పలేని పిల్లాడిలా నిలబడ్డారు. ఆరేదాకా ముగ్గురం ఆ కాగితాన్నే చూస్తూ ఉన్నాం. అక్క భుజం మీంచి నేనూ చదివాను.

‘భయమేసింది. నీకు చెబితే అది నిజమైపోతుందనిపించింది. నా గొంతు నువ్విక వినవని మూడు వారాలు నాలో నేనే ఏడ్చాను.’

ఇంత చిన్న సంగతి బయటికి రావడానికి జపాన్ నుంచి సిరా రావాలా!

అక్క రెండుసార్లు చదివింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. కరిగిపోయి ఉండిపోతుందనుకున్నాను. సంచి భుజానికి తగిలించుకుని, “మిగతాది అక్కడికి రాయండి” అని గుమ్మం దాటింది.

రెండు నెలలైంది. పోస్టులో పదకొండు ఉత్తరాలు వచ్చాయి. అక్క ఒక్కటీ నాకు చూపించదు. చదువుతూ చదువుతూ తనలో తనే నవ్వుతుంది, ఒక్కోసారి ముక్కు చీదుతుంది. నిన్న ఉండబట్టలేక కాగితం మీద రాసి అడిగాను, ‘ఇంత ప్రేమ కారిపోతుంటే వెళ్ళవేమే?’ అని.

“వెళ్ళాలనే ఉందే” అంది. “వెళ్తే మళ్ళీ రాయడం మానేస్తారు.”